ముందు కిటికీ చూడండి, తర్వాత కెమెరా

నల్గొండలో ఫొటోలు తీయడం ఇష్టమున్నవాళ్ళు కొందరు ఒక ఆదివారం కలిసి కూర్చున్నప్పుడు చేసిన ప్రసంగం ఇది.

అందరికీ నమస్కారం. దేవరకొండ నుంచి, మిర్యాలగూడ నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చినవాళ్ళున్నారు. మీ టైం వృథా కాకుండా నాకు తెలిసింది తెలిసినట్టు చెప్తాను.

చెరువుగట్టు జాతరలో నేను తీసిన ఒక ఫొటోతో మొదలుపెడతాను. గుట్ట మెట్లెక్కి వస్తున్న ఒక ముసలమ్మ, చేతిలో కొబ్బరికాయ, మొహం మీద సాయంత్రపు ఎండ. ఇంటికొచ్చి కంప్యూటర్‌లో పెట్టి మా ఇంటామెకు చూపించాను. "ముసలామె మంచిగ వచ్చింది గానీ, ఈ పక్కన పిలగాని మొగం సగం ఎందుకు కోసినవ్?" అంది. ఎడమ అంచున, పైన, ఎవరి భుజం మీదనో కూర్చున్న పిల్లవాడు. సగం మొహమే ఉంది. కంప్యూటర్ మీద నాకూ కనిపిస్తున్నాడు. తీసేటప్పుడు మాత్రం వాడు నాకు లేడు.

తొందరలో చూసుకోలేదేమో అనుకున్నాను. తర్వాత పాత ఫొటోలు తిరగేస్తే కరెంటు స్తంభం, బర్రె వెనక భాగం, ఎవరిదో మోచేయి. అన్నీ ఎడమ అంచునే, అన్నీ పైభాగంలోనే. ఆరు నెలల తర్వాత కంటి డాక్టరు దగ్గరికి వెళ్తే అప్పుడు తెలిసింది, నీటికాసులు. గ్లకోమా అంటారు. రెండు కళ్ళలోనూ ఉంది, కుడికంట్లో ఎక్కువ.

ఇది ఎందుకు అంత ఆలస్యంగా తెలిసిందో మీరు అర్థం చేసుకోవాలి. ఈ జబ్బులో చాలామందికి ముందు ముక్కు వైపు చూపు తగ్గుతుంది. కుడికంటికి ముక్కు వైపు అంటే ఎడమ పక్క. రెండు కళ్ళూ తెరిచి నడుస్తున్నప్పుడు ఆ ఖాళీని ఎడమకన్ను నింపేస్తుంది. నొప్పి ఉండదు, ఎరుపు ఉండదు. కానీ కెమెరా వెనక కన్ను పెట్టి చూసే చిన్న కిటికీ, వ్యూఫైండర్ అంటారు, దాంట్లో చూసేది ఒక్క కన్నే కదా. అక్కడ ఖాళీని నింపేవాళ్ళు ఎవరూ లేరు. నా జబ్బును ముందుగా పట్టుకున్నది నా ఫొటోలే.

అందుకే కెమెరా సంగతికి వెళ్ళేముందు ఒక మాట. నలభై దాటినవాళ్ళు కళ్ళు చూపించుకోండి. 2018లో కంటివెలుగు మొదలైనప్పుడు మనలో చాలామందికి దగ్గరి అద్దాలు వచ్చాయి, మంచిదే. కానీ అద్దాలు వచ్చాయి కదా అని ఊరుకోవద్దు. కంటి ఒత్తిడి, నరం, పక్కచూపు మూడూ చూడమని డాక్టరును అడగండి. పక్కచూపు పరీక్షలో ఒక గిన్నె లాంటి మిషన్ ముందు కూర్చోబెట్టి, చిన్న చిన్న చుక్కల్లా వెలుగు వేస్తారు, కనిపించినప్పుడల్లా బటన్ నొక్కాలి. నీటికాసుల్లో పోయిన చూపు తిరిగి రాదు. ఉన్నదాన్ని చుక్కల మందుతో కాపాడుకోవచ్చు. ఇంట్లో ఎవరికైనా ఈ జబ్బు ఉంటే మీరు ఇంకా ముందే వెళ్ళండి.

ఇప్పుడు కెమెరా. నాకు జబ్బు అని తెలిశాక, చూపు తగ్గుతోంది కాబట్టి ఇంకా మంచి కెమెరా కొనాలి అనుకున్నాను. మంచి అంటే ఏమిటో నాకు తెలియదు. షాపతను 24 మెగాపిక్సెల్ అన్నాడు, రెండు లెన్సులన్నాడు, బ్యాగు, మెమరీ కార్డు ఫ్రీ అన్నాడు. తీసుకున్నాను. అది మొదటి మెట్టు డీఎస్‌ఎల్‌ఆర్, అంటే లెన్సులోంచి వచ్చే బొమ్మను లోపలి అద్దం కంటికి చూపించే రకం కెమెరా. దాని వ్యూఫైండర్‌లో గాజు పట్టకం ఉండదు, చౌకగా తేలిగ్గా ఉండాలని అద్దాలు పెడతారు. పెంటామిర్రర్ అంటారు. బొమ్మ చిన్నగా, మసకగా ఉంటుంది. అంతకంటే పెద్ద సంగతి ఇంకొకటి ఉంది. అది ఫొటోలో పడేదాంట్లో 95 శాతమే చూపిస్తుంది. అంచుల్లో ఉన్న కొంత భాగం కంటికి కనిపించకుండా ఫొటోలో పడుతుంది. అంచులు కనిపించని మనిషికి అంచులు చూపించని కెమెరా! ఏడాది తిప్పలుపడి మా మేనల్లుడికి ఇచ్చేశాను. వాడికి ఇరవై రెండేళ్ళు, దాంతో చక్కగా తీస్తున్నాడు. కెమెరాలో తప్పు లేదు, అది నా కంటికి పనికొచ్చేది కాదు, అంతే.

అప్పుడు నాకు అర్థమైంది ఏమిటంటే, సెన్సర్‌కు గానీ లెన్సుకు గానీ మన చూపుతో పనిలేదు. మన కళ్ళు ఎంత మసకబారినా అవి చూసేవి చూస్తూనే ఉంటాయి. మన కన్ను తగిలేది ఒక్కచోటే, కెమెరా వెనక ఉన్న ఆ కిటికీ దగ్గర. చూపు తగ్గుతున్నవాళ్ళు డబ్బు పెట్టాల్సింది దాని మీదే. షాపులో మాత్రం అందరూ దాన్ని చివరికి అడుగుతారు, లేదా అసలు అడగరు.

నేను నీటిపారుదల శాఖలో వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా చేశాను. సాగర్ ఎడమ కాల్వ మీద ఎన్ని వేలసార్లు డంపీ లెవెల్‌లో, అంటే నేల ఎత్తుపల్లాలు కొలిచే దుర్బిణిలో, కన్ను పెట్టానో లెక్కలేదు. ఇక్కడ ఇంజనీర్లు ఎవరైనా ఉంటే వాళ్ళకు తెలుసు, లెవెల్ నిలబెట్టగానే మొదటి పని స్టాఫ్‌ను, అంటే దూరంగా నిలబెట్టిన కొలతల కర్రను, చూడటం కాదు. ముందు కన్ను పెట్టే చోట ఉన్న గాజు, ఐపీస్, తిప్పి లోపల ఉన్న అడ్డగీత, నిలువుగీత నల్లగా, సన్నగా కనిపించేట్టు చేసుకోవాలి. తర్వాతే దూరంలో ఉన్న స్టాఫ్‌ను ఫోకస్ చేయాలి. మొదటిది చేయకుండా రెండోది చేస్తే కన్ను కదిలినప్పుడల్లా రీడింగ్ కదులుతుంది.

కెమెరాకు కూడా సరిగ్గా ఇదే ఉంది. వ్యూఫైండర్ పక్కన చిన్న చక్రం ఉంటుంది, డయాప్టర్ అంటారు. పదేళ్ళ నుంచి ఫొటోలు తీస్తున్నవాళ్ళు కూడా దాన్ని ముట్టుకోలేదని నాతో చెప్పారు. దాన్ని తిప్పేటప్పుడు ఎదురుగా ఉన్న చెట్టునో మనిషినో చూడకండి. లోపల కనిపించే అంకెలు, గీతలు చూడండి. అంకెలు పదునుగా వచ్చేదాకా తిప్పండి. ఇక దాన్ని కదిలించకండి. బ్యాగులోంచి తీసేటప్పుడు కదిలితే మళ్ళీ చేసుకోండి. "నా కెమెరా ఫోకస్ కావట్లేదు" అని నా దగ్గరికి తెచ్చినవాటిలో సగం ఈ చక్రంతోనే సరైపోయాయి.

ఈ చక్రం ఎంతవరకు సరిచేస్తుందో కెమెరా కెమెరాకు తేడా ఉంటుంది. మొదటి మెట్టు డీఎస్‌ఎల్‌ఆర్‌లలో మైనస్ 2.5 నుంచి ప్లస్ 0.5 దాకా ఉండేవి ఉన్నాయి. లోపల అద్దం లేని రకం, మిర్రర్‌లెస్ అంటారు, వాటిలో మంచి కెమెరాలలో మైనస్ 4 నుంచి ప్లస్ 2 దాకా మామూలుగా ఉంటుంది. మీ అద్దాల చీటీ జేబులో పెట్టుకుని వెళ్ళి పోల్చుకోండి. మీ చీటీలో సిలిండర్ నంబరు కూడా ఉంటే, దాన్ని ఈ చక్రం సరిచేయలేదు. వాళ్ళు అద్దాలతోనే చూడాలి. అద్దాలతో చూడాలంటే వ్యూఫైండర్ నుంచి కన్ను కొంచెం దూరంగా ఉన్నా నాలుగు మూలలూ కనిపించాలి. దాన్ని ఐ పాయింట్ అంటారు, మిల్లీమీటర్లలో రాస్తారు. 20 మిల్లీమీటర్లు దాటి ఉంటే అద్దాలవాళ్ళకు నయం. కాగితం మీద రాసింది నమ్మి వదిలేయకండి, అద్దాలు పెట్టుకుని మూలల్లోని అంకెలు చదివి చూడండి.

వెనక నుంచి ఒక అమ్మ అడుగుతోంది, లోపల స్క్రీన్ ఉన్నది మంచిదా, అద్దంలో చూసేది మంచిదా అని. మనలాంటివాళ్ళకు స్క్రీన్ ఉన్నదే మంచిదని నా గట్టి నమ్మకం. ఎలక్ట్రానిక్ వ్యూఫైండర్ అంటారు. మిర్రర్‌లెస్ కెమెరాలలో ఉంటుంది. అన్ని మిర్రర్‌లెస్‌లలో ఉండదు, కొన్నిటికి వెనక స్క్రీన్ మాత్రమే ఉంటుంది, అది కొనేముందు చూసుకోండి. ఇందులో ఫొటో ఎలా పడబోతుందో ముందే కనిపిస్తుంది. నూటికి నూరు శాతం కనిపిస్తుంది, అంచులు తెగవు. ఒక బటన్ నొక్కితే మధ్యభాగం ఐదింతలో పదింతలో పెద్దదై వస్తుంది. చీకట్లో వెలుతురు పెంచి చూపిస్తుంది.

మన పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం సంగతే తీసుకోండి. కందూరు చోళుల కాలం నాటి త్రికూటాలయం, గర్భగుడిలో స్తంభం నీడ పగలంతా కదలకుండా ఒకేచోట నిలబడి ఉంటుంది. అది తీయాలని నాకు ఎప్పటినుంచో కోరిక. బయట ఎండలోంచి లోపలికి అడుగుపెడితే మామూలు కంటికే కాసేపు ఏమీ కనిపించదు, నీటికాసులవాళ్ళకు ఇంకా చాలాసేపు పడుతుంది. పాత కెమెరాలో కన్ను పెడితే నల్లటి గుడ్డ కప్పినట్టు ఉండేది. మిర్రర్‌లెస్‌తో వెళ్ళినప్పుడు గర్భగుడి గోడ, ఆ గోడ మీద నీడ అంచు, నా కళ్ళకు విడిగా కనిపించనివి, ఆ చిన్న తెర మీద కనిపించాయి. కాసేపు ఫొటో తీయడం మర్చిపోయి అట్లా చూస్తూ ఉండిపోయాను. కెమెరా కోసం పెట్టిన ప్రతి రూపాయీ ఆరోజు తీరిపోయింది.

కానీ అక్కడే జాగ్రత్త కూడా చెప్పాలి. తెర మీద వెలుతురుగా ఉంది కదా అని నేల కూడా అట్లాగే ఉంటుందనుకుంటాం. కన్ను తీయగానే మళ్ళీ చీకటి, కింద గడప. దేవరకొండ కోట మీద వ్యూఫైండర్‌లో కన్ను పెట్టి వెనక్కి ఒక్క అడుగు వేశాను, రాయి అంచు జారింది. మోకాలు పగిలింది, కెమెరా మిగిలింది. అప్పటినుంచి కదలాలంటే కెమెరా కిందికి దించి, నేల చూసి, అప్పుడే కదులుతాను. పక్కచూపు తగ్గినవాళ్ళు కోటల మీద, చెరువుకట్టల మీద ఒంటరిగా తీయొద్దు. ఎవరినైనా వెంటపెట్టుకుని వెళ్ళండి, వాళ్ళకు ఫొటోల మీద ఇష్టం లేకపోయినా సరే.

తెర ఎంత బాగుంటుందో చుక్కల లెక్కలో రాస్తారు. చౌక రకంలో 23.6 లక్షల చుక్కలు, మధ్యరకంలో 36.9 లక్షలు, ఇంకా పైవాటిలో 57.6 లక్షలు, 94.4 లక్షలు. ఒక్కో బిందువుకు ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడు చుక్కలు కలుపుతారు కాబట్టి 23.6 లక్షలంటే అసలు బొమ్మ 1024 అడ్డం, 768 నిలువు అన్నమాట. 36.9 లక్షల నుంచి నాకు అక్షరాలు హాయిగా కనిపించాయి. అంతకుమించి ఖర్చుపెట్టగలిగినవాళ్ళు పెట్టండి, లేనివాళ్ళు బాధపడనక్కరలేదు.

బొమ్మ ఎంత పెద్దగా కనిపిస్తుందనేది వేరే అంకె, మాగ్నిఫికేషన్. ఇక్కడ అందరూ పెద్దదే మంచిదంటారు. మీ చూపులో ఏ భాగం తగ్గిందో తెలియకుండా ఆ మాట చెప్పకూడదు. నాలాగా అంచులు పోయి మధ్యలో బాగున్నవాళ్ళకు పెద్ద బొమ్మ పెడితే మూలలు చూపు దాటి బయటికి పోతాయి. చిన్న బొమ్మ అయితే మిగిలిన చూపులోనే మొత్తం ఇమిడిపోతుంది. ఖరీదైన కెమెరాలో కన్ను పెట్టి, మూలలు కనిపించక దించేసి, దాంట్లో సగం ధర ఉన్నదాన్ని తెచ్చుకున్నాను నేను. కొన్నిటిలో ఈ సైజు తగ్గించుకునే వీలుంది. పానాసోనిక్ జీ9లో ఒక బటన్‌తో 0.83, 0.77, 0.7 అని మూడు సైజులు మారుతాయి. ఇలాంటి సదుపాయం ఉందా అని అడగండి.

మా పెద్దమ్మ కూతురు మిర్యాలగూడలో ఉంటుంది, నాకు అక్క. షుగర్ వల్ల ఆమెకు చూపులో మధ్యభాగం దెబ్బతిన్నది. మొహం చూస్తే కళ్ళు, ముక్కు ఉండాల్సినచోట పొగ ఉన్నట్టు ఉంటుందట. ఆమెకు ఎంత మంచి వ్యూఫైండర్ ఇచ్చినా లాభం లేదు. ఆమెకు కావాల్సింది పెద్ద తెర. కెమెరాను వైఫైతో టాబ్లెట్‌కు కలిపి, పది అంగుళాల తెర మీద, కొంచెం పక్కచూపుతో చూస్తూ తీస్తుంది. బొమ్మ ఒక్క క్షణం ఆలస్యంగా వస్తుంది కాబట్టి పరిగెత్తే పిల్లలను తీయలేదు. పెరట్లో మందారాలు, బీరపూలు, బంతిపూలు తీస్తుంది. నిరుడు బతుకమ్మకు పేర్చిన గునుగుపూలు, తంగేడుపూలు తీసిన ఫొటో మా ఇంట్లో గోడకు పెట్టుకున్నాం.

మోతిబిందు, అంటే కంట్లో శుక్లం, ఉన్నవాళ్ళు కెమెరా కొనేముందు ఆపరేషన్ చేయించుకోండి. ముదిరేకొద్దీ కంటి కటకం పసుపురంగుకు తిరుగుతుంది, రంగులు మారిపోతాయి, దీపాల చుట్టూ వెలుగు చెదురుతుంది. ఆ కంటితో కంప్యూటర్‌లో రంగులు దిద్దకండి. ఆపరేషన్ తర్వాత చూసుకుంటే మీకే దిగులేస్తుంది.

కెమెరా వెనక ఉండే స్క్రీన్ గురించి ఎక్కువ చెప్పను. మే నెలలో మన నల్గొండ ఎండలో అది ఎవరికీ కనిపించదు. షాపులో ఏసీ గదిలో చూసి మురిసిపోకుండా, మిట్టమధ్యాహ్నం వెళ్ళి, అడిగి రోడ్డు మీదికి తెచ్చి చూడండి. హైదరాబాద్ కోఠికి వెళ్ళేవాళ్ళు ఉదయం బస్సుకు వెళ్తే సరిగ్గా ఆ టైంకు అక్కడుంటారు. ఒక సంగతి మాత్రం మర్చిపోవద్దు. వ్యూఫైండర్ కిటికీని సూర్యుడికి ఎదురుగా పెట్టి బల్ల మీద వదిలేయకండి, ఎండ ఆ గాజులోంచి దూరి లోపలి తెరను మాడ్చేస్తుంది.

ఫోకస్ సంగతి. నేను ఎన్నో ఏళ్ళు చేత్తో ఫోకస్ తిప్పడమే అసలు ఫొటోగ్రఫీ అనుకున్నాను. వదిలేయడానికి మనసొప్పలేదు. ఇప్పటి కెమెరాలు మనిషి కన్నును, పక్షి కన్నును వెతికి పట్టుకుంటాయి. ఆ పని దానికి ఇచ్చేశాక నాకు మిగిలింది ఎక్కడ నిలబడాలి, ఎప్పుడు నొక్కాలి అనేవి. అవి రెండూ నా చూపు ఇంకా చేయగలిగిన పనులే. ఫోకస్ పడగానే బీప్ మోగేట్టు పెట్టుకోండి. పక్కవాళ్ళకు ఇబ్బంది అని చాలామంది దాన్ని ఆపేస్తారు, మీరు ఆపొద్దు. చేత్తో తిప్పాలనుకునేవాళ్ళకు ఫోకస్ పీకింగ్ ఉంది, పదునైన అంచుల మీద రంగు గీతలు వస్తాయి. ఎర్రచీర మీద ఎర్రగీత కనిపించదు, పసుపుకో తెలుపుకో మార్చుకోండి.

ఇక చేతివేళ్ళు. నా దృష్టిలో కిటికీ తర్వాత ముఖ్యమైనది ఇదే. చూపు ఇంకా కొంత ఉండగానే కెమెరా తీసుకోండి. ఏ బటన్ ఎక్కడుందో వేళ్ళకు పూర్తిగా అలవాటు కావడానికి ఏడాది పడుతుంది. ఆ ఏడాది కళ్ళ సాయం ఉండాలి. కొత్త మోడల్ వచ్చినప్పుడల్లా మార్చేవాళ్ళకు ఈ అలవాటు ఎప్పటికీ రాదు. నేను తీసుకున్నది పైన విడివిడి చక్రాలు ఉన్న కెమెరా. షటర్ స్పీడుకు ఒకటి, వెలుతురు పెంచడానికి తగ్గించడానికి ఒకటి. క్లిక్కులు లెక్కపెట్టి చెప్పగలను ఎక్కడుందో. మెనూలో దూరి వెతికే పనులను బటన్లకు పెట్టుకున్నాను. మా ఇంటామె బొట్టుబిళ్ళ ఒకటి ఫోకస్ పెద్దది చేసే బటన్ మీద అంటించాను, చెమటకు ఊడిపోతే ఇంకోటి అంటిస్తాను. వెలుతురు చక్రం మీద సున్నా దగ్గర ఎంసీల్ ముద్ద చిన్న చుక్క పెట్టాను, గట్టిపడ్డాక గోటికి తగులుతుంది. కెమెరా అందం పోతుందని ఎవరో అన్నారు. నాకు ఆ చుక్క చాలా అందంగా ఉంటుంది.

ముందు వరుసలో ఈ తమ్ముడు అడుగుతున్నాడు, ఫోన్ సరిపోదా అని. సరిపోతుంది, చాలామందికి సరిపోతుంది. ఫోన్‌లో టాక్‌బ్యాక్ పెట్టుకుంటే తెర మీద ఉన్నది తెలుగులో చదివి వినిపిస్తుంది. ఐఫోన్‌లో వాయిస్ ఓవర్ పెట్టి కెమెరా తెరిస్తే ఎన్ని మొహాలున్నాయో చెప్తుంది. గూగుల్ పిక్సెల్ 7తో 2022లో గైడెడ్ ఫ్రేమ్ అని ఒకటి వచ్చింది, మొహం మధ్యలోకి వచ్చేదాకా ఫోన్‌ను ఎటు జరపాలో నోటితో చెప్తుంది. పెద్ద కెమెరాలలో సోనీ ఆల్ఫా 7ఆర్ 5కు మెనూలను చదివి వినిపించే సదుపాయం ఉంది. 2023లో సోనీ ఇంకో కంపెనీతో కలిసి అమెరికాలో ఒక కెమెరా అమ్మింది. దాని వ్యూఫైండర్ బొమ్మను చాలా బలహీనమైన లేజర్ కిరణంతో నేరుగా కంటి వెనక పొర మీదికే పంపుతుంది. అప్పట్లో దాని ధర దాదాపు 600 డాలర్లు. అలాంటిది ఒకరోజు మన కోఠి షాపుల్లో కూడా దొరకాలని నా కోరిక.

చూపు బాగా తగ్గినవాళ్ళు కెమెరా షాపుకంటే ముందు లో విజన్ క్లినిక్‌కు వెళ్ళండి. హైదరాబాద్‌లో 1987 నుంచి ఉన్న ఎల్‌వీ ప్రసాద్ కంటి ఆసుపత్రిలో మిగిలిన చూపును ఎలా వాడుకోవాలో నేర్పే విభాగం ఉంది. మీకు ఏ భాగం మిగిలిందో తెలిస్తే ఏ కిటికీ కావాలో మీకే తెలుస్తుంది.

చివరగా అంచుల సంగతి. ఇప్పుడు కూడా నాకు ఎడమ పైమూల పూర్తిగా కనిపించదు. అందుకే ఒక్కో ఫొటోకు ముందు కళ్ళు తిప్పి నాలుగు మూలలూ వరుసగా చూస్తాను. ఎడమ పైమూలతో మొదలుపెడతాను, ఎందుకంటే తొందరైతే చివరిది వదిలేస్తాం. కొంచెం వదులుగా తీస్తాను, తర్వాత కత్తిరించుకోవచ్చని. మెగాపిక్సెళ్ళు నాకు పనికొచ్చింది ఈ ఒక్కదానికే. ఇంటికెళ్ళాక మా మనుమరాలు పక్కన కూర్చుని మూలలు చదువుతుంది. "తాతా, ఇక్కడ చెప్పు ఉంది, ఇక్కడ కుక్క తోక ఉంది" అని. ఆ పిల్లకు ఎనిమిదేళ్ళు. ఇప్పుడు తను కూడా ఫొటోలు తీస్తానంటోంది.

బల్ల మీద మూడు కెమెరాలు పెట్టాను. ఒకటి మా మేనల్లుడి దగ్గర అడిగి తెచ్చిన ఆ పాత డీఎస్‌ఎల్‌ఆర్, రెండోది నాది, మూడోది ఇక్కడి ఒక మిత్రుడిది, పెద్ద వ్యూఫైండర్ ఉన్నది. ముందు వరుస నుంచి ఒక్కొక్కరు రండి. అద్దాలు తీయకండి, మీరు రోజూ పెట్టుకున్నట్టే పెట్టుకుని రండి. చక్రం తిప్పండి, ముందు అంకెలు చూడండి, తర్వాత ఆ కిటికీలోంచి బయట వేపచెట్టును చూడండి. నా కెమెరా మీద బొట్టుబిళ్ళ ఉంటుంది, దాన్ని మాత్రం ఊడదీయకండి.